ఆరు మడతల మహాశంఖం

పోచంపల్లి చీర మగ్గం ఎక్కకముందే గళ్ల కాగితం మీద పుడుతుంది. ఏ గడి రంగు తాగాలి, ఏ గడి తెల్లగా మిగలాలి అన్నది ముందే గుర్తు పెట్టుకుంటారు. ఆ లెక్క ప్రకారం దారాన్ని రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టు పడ్డ చోట రంగు ఎక్కదు, లేని చోట ఎక్కుతుంది. విప్పి, ఆరబెట్టి, నేస్తే కాగితం మీది బొమ్మ బట్ట మీదికి వస్తుంది. చిటికి అనే ఈ పనిలో ఎన్ని రంగులున్నా, ఎన్ని విడతల కట్లున్నా, ప్రతి గడి దగ్గరా తేల్చుకోవలసింది ఒక్కటే: ఇక్కడ కట్టు వేయాలా, వద్దా?

చదరంగం పలకంత చిన్న నమూనా ఒకటి తీసుకుందాం. అడ్డం 8, నిలువు 8, మొత్తం 64 గళ్లు. రంగు ఒక్కటే. ఇందులో ఎన్ని వేర్వేరు బొమ్మలు కట్టవచ్చు? మొదటి గడికి రెండు దారులు: కట్టు, లేదా కట్టు లేదు. రెండో గడికీ రెండే. కాబట్టి రెండు గళ్లకు నాలుగు బొమ్మలు, మూడింటికి ఎనిమిది. ఇలా 64 గళ్లకు 2ను 64 సార్లు వేసుకుని గుణించాలి. అసలు ఒక్క కట్టూ వేయని బట్టను బొమ్మ అనలేం కనుక దాన్ని తీసేద్దాం. మిగిలేది ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

సెకనుకు ఒక బొమ్మ చొప్పున చూసుకుంటూ పోయినా 58 వేల కోట్ల ఏళ్లకు గానీ చివరిది కంటపడదు. విశ్వం వయసే దాదాపు 1,380 కోట్ల ఏళ్లు. ఇంత పెద్ద సంఖ్యను కంప్యూటరు వచ్చాక కనిపెట్టారని అనిపించవచ్చు. నిజానికి చివరి అంకె దాకా తప్పు లేకుండా ఇది తెలుగు పద్యంలోకి ఎక్కి తొమ్మిది వందల ఏళ్లవుతోంది.

మల్లన పద్యం

మనకు దొరికిన మొదటి తెలుగు గణిత గ్రంథం పేరు సార సంగ్రహ గణితం. జనం దాన్ని పావులూరి గణితం అన్నారు. రాసినవాడు పావులూరి మల్లన. రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను ఒక మల్లనకు ఇచ్చాడు. ఆ మల్లనే ఈ గ్రంథకర్త అని కొందరు పండితులు, గ్రంథకర్త ఆయన మనుమడని మరికొందరు. మొదటి మాట ప్రకారం పుస్తకం నన్నయ నాటిది, 11వ శతాబ్దిది. రెండో మాట ప్రకారం మరో రెండు తరాలు ఇవతలిది.

ఆ పుస్తకంలో చదరంగపు గళ్ల లెక్క ఒకటి ఉంది. మొదటి గడిలో 1, రెండో దానిలో 2, మూడో దానిలో 4, ఇలా గడి గడికీ రెట్టిస్తూ పోతే 64 గళ్లలో మొత్తం ఎంత? చదరంగం కనిపెట్టినవాడు రాజును గింజలు అడిగిన కథ మనందరికీ తెలిసిందే. బియ్యపు గింజ 25 మిల్లీగ్రాములు తూగుతుందనుకుంటే ఆ కోరిక 46 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఇప్పుడు ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. రాజు ఖజానా సంగతి చెప్పనక్కర్లేదు.

మల్లన జవాబును అంకెల్లో రాయలేదు, ఒక్కో అంకెకు బదులు ఒక్కో మాట పెట్టి చంపకమాలలో కట్టాడు. మన జ్యోతిష గ్రంథాల్లోనూ శాసనాల్లోనూ శక సంవత్సరాలు చెప్పే పద్ధతే ఇది. చంద్రుడు ఒక్కడే కనుక చంద్రుడంటే 1. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుని బాణాలు ఐదు, తర్కాలు ఆరు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం కనుక సున్నా. మాటలను ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. మొదట వచ్చే బాణం చివరి 5, ఇరవయ్యో మాటగా వచ్చే చంద్రుడు అన్నిటికన్నా పెద్ద స్థానంలోని 1.

ఈ సంఖ్యలో 4 నాలుగు సార్లు వస్తుంది. మల్లన రెండు చోట్ల సముద్రాన్ని రెండు పేర్లతో పిలిచాడు, ఒక చోట వేదం, ఇంకో చోట బ్రహ్మ ముఖం అన్నాడు. 7 మూడు సార్లు వస్తుంది. మూడూ కొండలే, పేర్లు మూడు. 1 కోసం చంద్రుడు మూడు పేర్లతో మూడు సార్లు ఉదయిస్తాడు. రెండు సున్నాలకు ఆకాశం రెండు పేర్లు పెట్టుకుంది. ఇదంతా అలంకారం కోసమే కాదు. పద్యానికి ప్రాసాక్షరం ర. మొదటి పాదం చివర 7ను చెప్పే కొండ మాట మధ్యలో విరిగి, రెండో పాదం మొదట్లో ర అందుకుంటుంది. రెండో పాదం చివర 8ని చెప్పే ఏనుగు మాట కూడా అలాగే విరిగి మూడో పాదానికి ర ఇస్తుంది. కొండకు ఇంకో పేరు పెట్టి ఉంటే లెక్క సరిపోయేది, ప్రాస పోయేది.

ఈ కట్టడి వల్ల ఒక మేలుంది. తాటాకు మీద అంకెలు రాస్తే లేఖకుడి గంటం జారి ఒక అంకె మరొకటి కావచ్చు, ఎవరికీ తెలియదు. పద్యంలో మాట మారితే గణమో యతో ప్రాసో తప్పి చదివేవాడి చెవికి తగులుతుంది. చేతులు మారుతూ వచ్చిన ఇరవై అంకెలు ఇవాళ కంప్యూటరుతో సరిచూస్తే ఒక్కటీ తేడా రాదు.

మాన్యఖేటం దారి

మల్లన తన పుస్తకానికి మూలంగా తీసుకున్నది మహావీరాచార్యుని గణిత సార సంగ్రహం. సంస్కృతంలో ఉన్న ఆ గ్రంథం 850 ప్రాంతానిది. మహావీరుడు జైనుడు, రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుణ్ణి గ్రంథం మొదట్లోనే కీర్తించాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటం, నేటి మల్ఖేడ్. అది ఇప్పుడు కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది. 1956 వరకూ హైదరాబాదు రాష్ట్రంలోదే, పాలమూరుకు పొరుగు నేల. శైవుడైన మల్లన ఆ జైన గ్రంథంలోని సూత్రాలను తీసుకుని, ఉదాహరణలను తన వాళ్లకు నచ్చేట్టు మార్చుకున్నాడు. మహావీరుని గ్రంథాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాక మిగతా ప్రపంచానికి తెలిసింది.

మహావీరునికి పెద్ద సంఖ్యలంటే సరదా. 12345679ని 9తో గుణిస్తే వరుసగా తొమ్మిది ఒకట్లు వస్తాయి. 142857143ని 7తో గుణిస్తే రెండు చివర్లా 1, నడుమ అన్నీ సున్నాలు. 27994681ని 441తో గుణిస్తే 12345654321: అంకెలు ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి మళ్లీ దిగుతాయి. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ఇలాంటి ఫలితాలను ఆయన కంఠాభరణాలన్నాడు. మూడో హారం గుట్టు విప్పడం తేలికే. ఆరు ఒకట్ల సంఖ్య 111111 వర్గం అది. 441 అంటే 21 వర్గం. 111111ను 21తో భాగిస్తే 5291 వస్తుంది, దాని వర్గమే 27994681. కొట్టొచ్చినట్టు కనిపించే హారం వెనుక మామూలు భాగహారమే ఉంది.

స్థానాల పేర్లు కూడా ఆయన 24 దాకా ఇచ్చాడు. కోటి ఎనిమిదో స్థానం. అక్కడి నుంచి అర్బుదం, ఖర్వం, పద్మం, క్షోణి, శంఖం, క్షితి దాటి ఇరవై నాలుగోది మహాక్షోభం. ఇరవయ్యో స్థానం పేరు మహాశంఖం. చదరంగపు సంఖ్యకు సరిగ్గా ఇరవై అంకెలు. అంటే ఆ లెక్కలో అది ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాల పైచిలుకు.

సగం చెయ్, వర్గం చెయ్

గడి గడికీ రెట్టించుకుంటూ పోవడం సూటి దారి. అందులో 63 సార్లు రెట్టించాలి, తరువాత 64 సంఖ్యలను కూడాలి. ఎక్కడ అంకె జారినా అక్కడి నుంచి అంతా తప్పే. మహావీరుని పుస్తకంలో దీనికి అడ్డదారి ఉంది. కూడిక అసలు అక్కర్లేదు: రెట్టిస్తూ పోయే వరుస మొత్తం ఎప్పుడూ తరువాతి మెట్టుకు ఒకటి తక్కువ. 1, 2, 4 కూడితే 7, తరువాతి మెట్టు 8. కాబట్టి అరవై అయిదో గడిలో వేయవలసిన సంఖ్య తెలిస్తే చాలు, ఒకటి తీసేయడమే మిగులుతుంది.

ఆ సంఖ్యను పట్టే ఉపాయం ఇంకా పాతది. గురులఘువులను లెక్కబెట్టిన పింగళుడి ఛందశ్శాస్త్రంలోనే ఉంది. అన్ని అక్షరాల పాదానికి ఎన్ని గురులఘు క్రమాలు అన్నది అక్కడి ప్రశ్న. ప్రతి అక్షరానికీ రెండు దారులే కనుక అదీ 2 ఘాతాల లెక్కే. పింగళుడు చెప్పింది ఇది: సంఖ్య సరి అయితే సగం చెయ్, బేసి అయితే ఒకటి తీసెయ్, అడుగంటే దాకా ఇలాగే దిగు. తిరిగి ఎక్కేటప్పుడు ఒకటి తీసిన చోట రెట్టించు, సగం చేసిన చోట వర్గం చెయ్. మహావీరుడు ఇదే పద్ధతిని శ్రేఢి గణితానికి వాడాడు.

64ను దింపి చూడండి: 32, 16, 8, 4, 2, 1. ఆరు సార్లు సగం. ఇప్పుడు ఎక్కుదాం. మొదట 2. దాని వర్గం 4. దాని వర్గం 16. తరువాత 256. తరువాత 65,536. తరువాత 4,29,49,67,296. ఆరో వర్గం 1,84,46,74,40,73,70,95,51,616. ఒకటి తీసేస్తే మల్లన సంఖ్య. 63 రెట్టింపుల పని ఆరు గుణకారాలకు దిగింది. చివరి గుణకారం పది అంకెలను పది అంకెలతో చేయాలి, చిన్న గుణకారాలు వంద. ఓపిక ఉన్నవాడికి ఒక పూట పని.

మల్లనకు ముందే, 1000 ప్రాంతంలో, ఖ్వారజ్మ్‌కు చెందిన అల్ బిరూనీ కూడా చదరంగపు గళ్ల మొత్తాన్ని లెక్కగట్టి ఇదే సంఖ్య ఇచ్చాడు, ఆయన దారి కూడా వర్గాలదే. గింజలు అడిగినవాడి పేరు సిస్సా అంటూ ఆ కథ రాసిన ఇబ్న్ ఖల్లికాన్ 1256 నాటివాడు. కథ ఎప్పుడు ఎక్కడ మొదలైనా, సంఖ్య మాత్రం ఆరు మెట్లలో దొరికింది.

గింజలకూ కట్లకూ చుట్టరికం

పోచంపల్లి గళ్ల కాగితం మీది బొమ్మల లెక్కా, చదరంగం మీది గింజల లెక్కా ఒకే సంఖ్యకు రావడం కాకతాళీయం కాదు. గళ్ల కాగితం మీదే వరుసగా 1, 2, 4, 8 గింజలు పోశామనుకోండి. ఇప్పుడు ఏదైనా బొమ్మ గీయండి. కట్టు పడే గళ్లలోని గింజలను మాత్రం పోగు చేసి లెక్కించండి. ఆ మొత్తం ఆ బొమ్మ వరుస సంఖ్య. వేరే ఏ బొమ్మకూ అదే మొత్తం రాదు. ఒకటి నుంచి మల్లన సంఖ్య దాకా ఒక్క సంఖ్యా వదలకుండా ప్రతిదానికీ ఒక బొమ్మ ఉంటుంది. మూలన ఒక్క గడి కట్టిన బొమ్మ 1వది. అన్ని గళ్లూ కట్టేసిన బొమ్మే చిట్టచివరిది, మల్లన సంఖ్య దాని నంబరు.

కంప్యూటరు చేసేది కూడా ఇదే. 64 చిన్న గళ్లు, ప్రతి గడిలో ఉందా లేదా అన్న ఒక్క సమాచారం. గుర్తులు లేని పూర్ణసంఖ్యలకు 64 బిట్లు కేటాయిస్తే అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 18446744073709551615. ఫోనులో, ల్యాప్‌టాప్‌లో ఈనాడు పనిచేసే 64 బిట్ల యంత్రాల అంచు అది. దానికి ఒకటి కలిపితే గళ్లన్నీ ఖాళీ అయి లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది.

మడత విప్పితే వర్గం

ఇన్ని బొమ్మలు సాధ్యమైనా నేతగాడు వాటి జోలికి పోడు. చిటికిలో ఒక్కో గడికీ ఒక్కో కట్టు వేసుకుంటూ కూర్చుంటే చీర పండగకు అందదు. దారాన్ని మడిచి, గుంపులను ఒకదాని మీద ఒకటి చేర్చి, అన్నిటికీ కలిపి ఒకే కట్టు వేస్తారు. విప్పితే ఒక కట్టు గుర్తు ఎన్నో చోట్ల పడి ఉంటుంది. ఇక్కడి నేతల్లో ఒకే బొమ్మ వరుసగా తిరిగి రావడం, కుడి ఎడమలు అద్దంలో చూసుకున్నట్టు ఉండడం అందం కోసమే అనుకుంటాం. సగం అందం పని తగ్గించుకోవడంలోంచి వచ్చింది. పుట్టపాక వాళ్లు ఇప్పటికీ నేసే తేలియా రుమాలు చూడండి. చీరాల నుంచి ఈ ప్రాంతానికి వచ్చిన ఆ చదరపు గుడ్డలో నాలుగు వైపులా ఒకే పోలిక.

మన 64 గళ్ల బొమ్మను ఒకసారి మడుద్దాం. కట్టవలసినవి 32 గళ్లే. మిగతా సగం తనంతట వస్తుంది. ఇలాంటి బొమ్మలు 4,29,49,67,296. ఇంకోసారి మడిస్తే 16 గళ్లు, బొమ్మలు 65,536. నిమిషానికి ఒకటి చొప్పున రోజుకు ఎనిమిది గంటలు చూస్తే 137 రోజుల్లో అన్నీ చూసేయవచ్చు. రెండే మడతలతో విశ్వం వయసును మించిన పని అయిదు నెలల లోపలికి వచ్చింది. మరో మడతకు 256, మరోదానికి 16, ఇంకోదానికి 4. ఆరో మడతకు ఒకే గడి మిగులుతుంది, దారులు రెండు.

ఈ సంఖ్యలను వెనక్కి చదివితే పింగళుడి మెట్లే. 64ను సగం చేయడం దారాన్ని మడవడం. వర్గం చేయడం మడత విప్పడం. మడత విప్పగానే ఒకే కట్టుకు లోబడిన రెండు సగాలు స్వతంత్రమవుతాయి. ఈ సగానికి ఎన్ని బొమ్మలో ఆ సగానికీ అన్ని, రెండూ గుణిస్తే వర్గం. మహాశంఖాన్ని లొంగదీసినది ఈ ఆరు మడతల తెలివే. కవి పద్ధతి, నేతగాడి పద్ధతి ఒకటే అవడానికి ఇద్దరూ ఒకరినొకరు ఎరగాల్సిన పనిలేదు. రెండు దారుల ప్రశ్న ఎక్కడ పదే పదే వచ్చినా ఈ ఉపాయం అక్కడ సిద్ధంగా ఉంటుంది.

మడత పడని లెక్క

చిటికిలో మడతకు లొంగని పని కూడా ఒకటి ఉంది. కట్లు కట్టడానికి ముందు పేక దారాన్ని ఆసు పోయాలి. ఒక పక్క ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారంలో మేకుల వరుస. దారాన్ని ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18,000. ఈ పని చేసేది ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్లు. భుజాలు, మోచేతులు పట్టేసేవి. చీర పొడవు ఉన్నంతా దారం నిజంగా పరుచుకోవాలి కనుక ఇక్కడ సగం చేసి వర్గం చేయడం కుదరదు. 9,000 అంటే 9,000 సార్లే.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఈ నొప్పితోనే ఆసు పోసేది. పెద్ద చదువు లేని మల్లేశం 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టాడు. యంత్రానికి ముందు ఆ కదలికను విడదీయాలి: దారం ముందుకు వెళ్లి రావాలి, మేకు చుట్టూ తిరగాలి, తగినన్ని చుట్లు పడ్డాక పక్క మేకుకు జరగాలి. ముక్కలు ఒక్కొక్కటిగా కుదురుతూ వచ్చాయి. అన్నీ కలిసి ఒకే యంత్రంగా నడిచింది 1999లో. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మి ఆసు యంత్రం అన్నాడు. అయిదారు గంటల పని గంటన్నరకు దిగింది, చేయి ఆడించే పనే లేకుండా పోయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చిన్న సంఖ్య పెద్ద భారం కావచ్చు, పెద్ద సంఖ్య ఆరు మెట్లకు దిగవచ్చు. ఏది ఎటు అన్నది ఆ సంఖ్య ఎన్ని అంకెల పొడవు అన్నదాని మీద లేదు, లోపల ఏ కట్టుబడి ఉందన్నదాని మీద ఉంది. మల్లన సంఖ్య లోపలి కట్టుబడిని ఇంకా లోతుగా చూసినవాళ్లు ఐరోపాలో ఉన్నారు.

ముక్కలు

ఏ సంఖ్య వర్గం నుంచైనా ఒకటి తీసేస్తే, మిగిలినది ఆ సంఖ్యకు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువల లబ్ధం. 16 వర్గం 256. ఒకటి తీస్తే 255, అది 15ను 17తో గుణించినది. మల్లన సంఖ్య కూడా వర్గానికి ఒకటి తక్కువే కనుక రెండుగా చీలుతుంది. ఆ చీలినదానిలో చిన్నది మళ్లీ వర్గానికి ఒకటి తక్కువ, అదీ చీలుతుంది. ఆరు మడతలూ వరుసగా ఆరు ముక్కలిస్తాయి: 3, 5, 17, 257, 65537, 4294967297. మొదటి 2 నుంచి అయిదో వర్గం దాకా మెట్టు మెట్టుకూ వచ్చిన సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేవే ఇవి.

మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. 1640లో ఫ్రాన్సులో పియేర్ ద ఫెర్మా ఈ వరుసను చూసి, ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. నిరూపణ ఇవ్వలేదు. 4294967297ను చేత్తో పరీక్షించాలంటే 65,536 లోపలి ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి, అవి ఆరు వేలకు పైగా ఉన్నాయి.

1732లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పాతికేళ్ల లియోనార్డ్ ఆయిలర్ ఫెర్మా నమ్మకాన్ని పడగొట్టాడు. ఆ సంఖ్యను 641 భాగిస్తుంది, భాగఫలం 6700417. ఆయిలర్ తరువాత నిరూపించిన సంగతి ఏమిటంటే, ఆ సంఖ్యను భాగించే ప్రతి ప్రధానమూ 64 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండాలి. చదరంగపు 64 ఇక్కడ మళ్లీ ఎదురైంది. ఈ జల్లెడలో పడే ప్రధానాలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే గుట్టు రట్టు. ఆరు వేల భాగహారాలు అయిదుకు దిగాయి.

భాగహారం చేయకుండానే దీన్ని రుజువు చేయవచ్చు. 641ని రెండు రకాలుగా రాయండి: 5 × 128 + 1 అని ఒకటి, 625 + 16 అని మరొకటి. 641తో భాగిస్తే మిగిలే శేషాలు మాత్రమే పట్టించుకుందాం. మొదటి రూపం వల్ల 5 × 2⁷కు శేషం −1. నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸కు శేషం 1. 625 అంటే 5⁴, 16 అంటే 2⁴ కనుక రెండో రూపం 5⁴ బదులు −2⁴ వేసుకోవచ్చంటుంది. అప్పుడు −2³²కు శేషం 1. అంటే 2³² + 1కు శేషం సున్నా. అదే మన 4294967297.

ఇక మల్లన సంఖ్య పూర్తిగా విడిపోయింది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు వేర్వేరు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాదు. దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు ఎన్ని? ఏడింటిలో ప్రతి ప్రధానాన్నీ తీసుకోవాలా వద్దా అన్నదే ప్రశ్న కనుక 2ను ఏడు సార్లు గుణిస్తే 128.

ఆ ఏడింటిలో అయిదు ఫెర్మా ప్రధానాలు. వాటికి రేఖాగణితంలో వేరే గౌరవం దక్కింది. 1796లో 18 ఏళ్ల గౌస్ స్కేలు, వృత్తలేఖినితోనే 17 భుజాల క్రమబహుభుజిని నిర్మించవచ్చని చూపాడు. భుజాల సంఖ్య బేసి అయినప్పుడు, వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమైతేనే అలాంటి నిర్మాణం కుదురుతుందని తరువాత తేలింది. తెలిసిన అయిదింటినీ గుణిస్తే 4294967295 వస్తుంది. బేసి భుజాలతో అలా నిర్మించగలమని మనకు తెలిసిన బహుభుజుల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

ఏడో మడత సంగతేమిటి? 128 గళ్ల కాగితానికి వెళితే కొత్తగా చేరే ముక్క 18446744073709551617, మల్లన సంఖ్యకు రెండే ఎక్కువ. అదీ ప్రధానం కాదు. 1855లో థామస్ క్లాసెన్ ఒక లేఖలో దాని కారణాంకాలు రాశాడు. ఎనభై దాటిన ఫోర్చునే లాండ్రీ 1880లో వాటిని ప్రకటించాడు: 274177, 67280421310721. మల్లన సంఖ్యను ఆరు గుణకారాల్లో కట్టవచ్చు. దాని పక్కింటి సంఖ్యను విప్పడానికి మాత్రం 19వ శతాబ్ది దాకా ఆగాల్సి వచ్చింది. మడత పెట్టినంత తేలికగా కారణాంకాలు ఊడిరావు. ఇంటర్నెట్టులో రహస్యాలను కాపాడే గణితంలో పేరుమోసిన పద్ధతి ఒకటి ఈ తేడా మీదే నిలబడింది.

ఆ తరువాతి మడతలను మొదట చేత్తో, తరువాత కంప్యూటర్లతో పరీక్షిస్తూ వచ్చారు. ఆరో మడత నుంచి ముప్పై మూడో మడత దాకా కొత్తగా చేరిన ముక్కల్లో ఒక్కటీ ప్రధానం కాదని తేలింది. ప్రపంచానికి తెలిసిన ఫెర్మా ప్రధానాలన్నీ మల్లన చంపకమాలలోని ఇరవై అంకెల్లోనే ఇమిడి ఉన్నాయి. ముప్పై నాలుగో మడతలో చేరే ముక్క 250 కోట్లకు పైగా అంకెల పొడవుంటుంది. అది ప్రధానమా కాదా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.